కాపలా కూలి

2017 డిసెంబర్ 14. ఆస్ట్రేలియాలో తెల్లవారుజామున రెండు గంటలు కావస్తోంది. విక్టోరియా రాష్ట్రంలోని లోయ్ యాంగ్ బొగ్గు విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్ ఉన్నపళంగా ఆగిపోయింది. ఆ క్షణం దాకా అది గ్రిడ్‌కు 560 మెగావాట్లు అందిస్తోంది. తూర్పు ఆస్ట్రేలియా అంతా ఒకే గ్రిడ్ కనుక ఆ లోటు అన్ని రాష్ట్రాల తీగల మీదా పడింది. సెకనుకు 50 సార్లు ఊగవలసిన విద్యుత్తు 49.80కి జారింది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, దక్షిణ ఆస్ట్రేలియాలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊరి దగ్గర, రెండు వారాల కిందటే పనిలో దిగిన ఒక బ్యాటరీ ఆ జారుడును పసిగట్టింది. సెకనులో చిన్న భాగం గడిచేలోగా 7.3 మెగావాట్లు గ్రిడ్‌లోకి వదిలింది. ఇలాంటి సమయంలో ఆదుకుంటానని ఒప్పందం రాసుకున్న క్వీన్స్‌లాండ్‌లోని గ్లాడ్‌స్టన్ బొగ్గు కేంద్రం కదలడానికి కొన్ని సెకన్లు పట్టింది.

అయిదు వందల అరవైకి ఏడు ఏ మూలకు? నిజమే, ఆ రాత్రి గ్రిడ్‌ను నిలబెట్టినవి ప్రధానంగా మిగతా కేంద్రాలే. అయినా ఆ ఏడు మెగావాట్ల వెనక ఒక కొత్త రకం ఆస్తి ఉంది. అది ఒక్క యూనిట్ కరెంటు కూడా సొంతంగా పుట్టించదు. వంద యూనిట్లు పుచ్చుకుంటే సుమారు ఎనభై అయిదు తిరిగిస్తుంది. తక్కినవి వేడిగా పోతాయి. అలాంటి దాని మీద దాదాపు 9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఏ నమ్మకంతో పెట్టారు? ఆ డబ్బు ఏ దారిలో తిరిగొస్తుంది? బ్యాటరీ లోపలి రసాయనం ఎంత ముఖ్యమో, దాన్ని నిలబెట్టే ఒప్పందం కాగితమూ అంతే ముఖ్యమని నేను నమ్ముతాను. ఆ కాగితం మీద ఏం రాసి ఉంటుందో, ఏం రాయాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు ఆ జారుడు సంగతి. తీగల్లో కరెంటు నిల్వ ఉండదు. ఏ క్షణానికి ఎంత వాడుతున్నామో ఆ క్షణానికి అంతే పుట్టాలి. బొగ్గు, నీటి, గ్యాసు కేంద్రాల్లో టన్నుల కొద్దీ బరువున్న రోటర్లు తిరుగుతుంటాయి. వాడకం పెరిగితే వాటి మీద భారం పెరిగి కాస్త నెమ్మదిస్తాయి, తగ్గితే వేగం పుంజుకుంటాయి. ఒక గ్రిడ్‌కు కట్టిన రోటర్లన్నీ ఒకే లయలో తిరుగుతాయి కాబట్టి ఎక్కడ లోటు వచ్చినా అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. ఫ్రీక్వెన్సీ అంటే ఆ లయే. మన దేశంలో అది 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలని నియమం. అది మరీ కిందికి దిగితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి గ్రిడ్ నుంచి తెగిపోతాయి. ఒకటి తెగితే లోటు ఇంకా పెరుగుతుంది, పెరిగిన లోటు మరొకదాన్ని తెంపుతుంది.

ఇలాంటి గొలుసు ఎంత దూరం పాకగలదో 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చూసింది. ఒక లైను మోయలేనంత భారంతో తెగిపోవడంతో మొదలైన కూలుడు రెండో రోజుకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లను పడగొట్టింది. 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం చీకటైంది. ఆ రోజు తెలుగు నేల బయటపడింది. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు, మధ్యలో లయను ముడిపెట్టని డీసీ లింకులు మాత్రమే ఉండేవి. 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్‌ల మధ్య లైను కలిపాకే దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పుడు రాజస్థాన్‌లో పెద్ద లోటు వస్తే రాయలసీమలోని రోటరు కూడా నెమ్మదిస్తుంది. ఒకరి మిగులు మరొకరికి అందే సౌకర్యంతో పాటు ఒకరి ముప్పు మరొకరికి పాకే అవకాశమూ వచ్చింది.

రోటర్ల బరువుకు ఒక మేలు ఉంది. ఉన్నట్టుండి లోటు వచ్చినా అంత ఇనుము చప్పున ఆగదు. తిరుగుతున్న జోరు మీద కొన్ని సెకన్లు భారం మోస్తుంది. మిగతా కేంద్రాలు ఆవిరి పెంచుకోవడానికీ, నీటి గేట్లు తెరుచుకోవడానికీ ఆ సెకన్లే గడువు. సౌర ఫలకాల్లో తిరిగేదేమీ లేదు. గాలిమరల్లో రెక్కలు తిరుగుతున్నా వాటికీ గ్రిడ్‌కూ మధ్య ఎలక్ట్రానిక్ పరికరం ఉంటుంది కనుక గ్రిడ్ లయతో వాటికి నేరుగా ముడి లేదు. గాలి, ఎండల వాటా పెరిగేకొద్దీ ఆ సెకన్ల గడువు కుంచించుకుపోతుంది. ఇదే చోట బ్యాటరీ పనికొస్తుంది. దానిలోని ఇన్వర్టర్‌కు కదలాల్సిన బరువు లేదు, వేడెక్కాల్సిన బాయిలర్ లేదు. ఫ్రీక్వెన్సీని కొలిచి, ఎంత వదలాలో లెక్కవేసి, స్విచ్చులు వేయడమే పని. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది.

దక్షిణ ఆస్ట్రేలియాకు ఈ అవసరం పుస్తకం చదివి తెలియలేదు, దెబ్బ తిని తెలిసింది. 2016 మే నెలలో ఆ రాష్ట్రంలో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. అదే ఏడాది సెప్టెంబర్ 28న సుడిగాలులతో కూడిన తుఫాను పెద్ద లైన్ల టవర్లను నేలకూల్చింది. లైన్ల మీద వరసగా లోపాలు తలెత్తడంతో కొన్ని గాలిమరల కేంద్రాల్లోని రక్షణ అమరికలు ఉత్పత్తిని తగ్గించాయి. ఏడు సెకన్లు గడవకముందే 456 మెగావాట్లు పోయాయి. ఆ లోటంతా విక్టోరియా నుంచి వచ్చే హేవుడ్ లైను మీద పడింది. అదీ తెగింది. రాష్ట్రం మొత్తం, దాదాపు 8,50,000 కనెక్షన్లు, చీకట్లో మునిగింది. ఆ మర్నాటి నుంచే నేరం గాలిమరలదా, తుఫానుదా అని పార్టీల మధ్య వాదులాట మొదలైంది. నిపుణుల విచారణలో తేలింది మాత్రం సూటి విషయం. గాలిమరల అమరికల్లో వరస లోపాలను తట్టుకునే పరిమితి తక్కువగా పెట్టి ఉంది, ఆ సంగతి గ్రిడ్ నడిపేవారికి తెలియదు.

2017 మార్చిలో టెస్లా అధినేత ఈలాన్ మస్క్, ఒప్పందం మీద సంతకమైన 100 రోజుల్లో బ్యాటరీ కట్టిస్తానని, గడువు దాటితే డబ్బు అక్కర్లేదని బహిరంగంగా పందెం కట్టాడు. ఆ పందేనికి ప్రపంచమంతా పేరొచ్చింది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పని అప్పటి రాష్ట్ర ప్రధాని జే వెదరిల్ ప్రభుత్వం చేసింది. అది పోటీ టెండరు పిలిచి, బ్యాటరీ ఏం చేయాలో రాసిపెట్టింది. ఫ్రెంచి కంపెనీ నియోఎన్ యజమాని, టెస్లా సరఫరాదారు. జేమ్స్‌టౌన్ దగ్గర, హార్న్స్‌డేల్ గాలిమరల పక్కనే కట్టడంతో దానికి హార్న్స్‌డేల్ పవర్ రిజర్వ్ అని పేరు పెట్టారు. సామర్థ్యం 100 మెగావాట్లు, 129 మెగావాట్ అవర్లు. గడువుకు ముందే పూర్తయి 2017 డిసెంబర్ 1న పనిలోకి వచ్చింది.

ఈ రెండు అంకెలూ వేరువేరు. మొదటిది ఒక క్షణంలో ఎంత ఇవ్వగలదో చెబుతుంది, రెండోది మొత్తం ఎంత దాచగలదో చెబుతుంది. పూర్తి వేగంతో వదిలితే మొదట కట్టిన హార్న్స్‌డేల్ గంటా పావుకు ఖాళీ అయ్యేది, 30 మెగావాట్ల చొప్పున వదిలితే నాలుగు గంటలకు పైగా నిలిచేది. పత్రికల్లో "ఇంత పెద్ద బ్యాటరీ" అని ఒకే అంకె కనిపిస్తే రెండో అంకె కోసం వెతకండి. అది లేనిదే ఖరీదు సబబో కాదో తెలియదు.

ఒప్పందం ఈ రెండు అంకెలనూ పంచుకుంది. 100 మెగావాట్లలో 70 రాష్ట్రం కోసం కేటాయించారు. ఆపద వస్తే పది నిమిషాల పాటు వదలగలిగేంత సరుకు ఎప్పుడూ అట్టే పెట్టాలి. మిగతా 30 మెగావాట్లు, నిల్వలో అధిక భాగం, నియోఎన్ చేతిలో ఉంటుంది. చవకగా ఉన్నప్పుడు కొని, ప్రియమైనప్పుడు అమ్ముకోవచ్చు. రాష్ట్రం తన వాటాకు ఏడాదికి 40 లక్షల డాలర్ల చొప్పున పదేళ్లు చెల్లిస్తుంది. పంట చేను మంచె మీద కూర్చున్న కాపలా మనిషికి ఆ రాత్రి అడవి పందులు వచ్చినా రాకపోయినా కూలి ఇవ్వాల్సిందే, ఇదీ అలాంటి చెల్లింపే. పదేళ్లకు 4 కోట్లు, అంటే పెట్టుబడిలో సగానికి కొంచెం తక్కువ. అయినా ఆ సగం పక్కాగా వస్తుందన్న భరోసా ఉంటేనే మిగతా సగాన్ని మార్కెట్‌కు వదిలే ధైర్యం వస్తుంది.

తర్వాత జరిగింది పెట్టుబడిదారులు, ప్రభుత్వాలు ఇద్దరూ శ్రద్ధగా చదవాల్సిన పాఠం. ఆస్ట్రేలియాలో ఫ్రీక్వెన్సీని సరిచేసే సేవకు విడిగా మార్కెట్ ఉంది. దక్షిణ ఆస్ట్రేలియా మిగతా గ్రిడ్ నుంచి విడిపోయే ప్రమాదం ఉన్న రోజుల్లో ఆ సేవలో 35 మెగావాట్లు రాష్ట్రం లోపలి నుంచే కొనాలని అప్పట్లో గ్రిడ్ నిర్వాహకుల నియమం ఉండేది. రాష్ట్రంలో ఆ పని చేయగల గ్యాసు కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అమ్మేవాళ్లు కొద్దిమంది, కొనక తప్పని పరిస్థితి, ధర ఆకాశానికి ఎగిరేది. హార్న్స్‌డేల్ వచ్చి తక్కువ ధరకు అమ్మజూపడంతో ఆ ఆట ముగిసింది. ఇంజనీరింగ్ సలహా సంస్థ ఆరికాన్ లెక్క ప్రకారం బ్యాటరీ వల్ల ఈ సేవల ఖర్చులో 2018లో సుమారు 4 కోట్ల డాలర్లు, 2019లో 11.6 కోట్ల డాలర్లు ఆదా అయ్యాయి. రెండేళ్ల ఆదా కట్టిన ఖర్చును మించిపోయింది.

ఆ ఆదా నియోఎన్ జేబులోకి రాలేదు. ధర పడిపోవడమంటే కొనేవాళ్లకు లాభం, అమ్మేవాళ్లకు రాబడి కోత. బ్యాటరీ ఎంత బాగా పనిచేస్తే తాను అమ్మే సరుకు ధర అంతగా పడిపోతుంది. రెండో బ్యాటరీ, మూడో బ్యాటరీ వస్తే ఇంకా పడుతుంది. ఫ్రీక్వెన్సీ సేవకు ఒక గ్రిడ్‌కు కావలసింది పరిమితమే, ఆ అవసరం తీరిపోయాక వచ్చిన బ్యాటరీకి అక్కడ పని లేదు. ఆస్ట్రేలియాలోనూ, టెక్సస్‌లోనూ ఇదే జరిగింది. మొదట వచ్చినవాళ్లు బాగా గడించారు, తర్వాత వచ్చినవాళ్లు పగటి, రాత్రి ధరల తేడా మీద బతకాల్సి వచ్చింది. రోడ్డు, వంతెన, కాలువ లాంటివి ఎందుకు ప్రజాధనంతోనో, ప్రజా హామీతోనో కడతామో ఇక్కడ తేటగా కనిపిస్తుంది. వాటి మేలు ఊరందరికీ పంచుకుపోతుంది, యజమాని వసూలు చేసుకోగలిగింది అందులో కొంత భాగమే. బ్యాటరీని మౌలిక వసతి అనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే.

అందుకే హార్న్స్‌డేల్‌ను 2020లో సగం మేర పెంచినప్పుడు డబ్బు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. 50 మెగావాట్లు, 64.5 మెగావాట్ అవర్లు చేర్చడానికి సుమారు 7.1 కోట్ల డాలర్లు కావలసి వచ్చాయి. దేశ పునరుత్పాదక ఇంధన సంస్థ 80 లక్షలు గ్రాంటుగా ఇచ్చింది. రాష్ట్రం అయిదేళ్ల మీద 1.5 కోట్లు ఒప్పుకుంది. ప్రభుత్వ రంగంలోని క్లీన్ ఎనర్జీ ఫైనాన్స్ కార్పొరేషన్ 5 కోట్ల వరకు అప్పు ఇచ్చింది. ఆ అప్పు తీర్చాల్సింది, మిగతా భారం మోయాల్సింది నియోఎన్. గ్రాంటు ఇచ్చింది ఒక ప్రయోగం కోసం. రోటరు లేకపోయినా రోటరు ఉన్నట్టే గ్రిడ్ లయను పట్టి నిలిపేలా ఇన్వర్టర్లను నడపడం ఆ ప్రయోగం. 2022లో దానికి గ్రిడ్ నిర్వాహకుల ఆమోదం దొరికింది.

ఇదే హార్న్స్‌డేల్ కథలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాటవేస్తే పాఠం సగమే అవుతుంది. 2019 జూలై నుంచి నవంబర్ దాకా ఈ బ్యాటరీ ఆపద సమయంలో ఇంత ఇస్తానని మార్కెట్‌లో చెప్పి, దానికి డబ్బు తీసుకుంటూ, చెప్పినంత ఇవ్వగల స్థితిలో లేదు. అక్టోబర్ 9న క్వీన్స్‌లాండ్‌లోని కోగన్ క్రీక్ బొగ్గు కేంద్రం ఆగిపోయినప్పుడు దాని స్పందన చాలకపోవడంతో అనుమానం వచ్చింది. నియంత్రణ సంస్థ కోర్టుకు వెళ్లింది. 2022లో ఫెడరల్ కోర్టు 9 లక్షల డాలర్ల జరిమానా వేసింది. సిద్ధంగా ఉండటమే సరుకైనప్పుడు, సిద్ధంగా ఉందో లేదో మామూలు రోజుల్లో ఎవరికీ కనిపించదు. ఆపద వచ్చాక తేలితే అప్పటికే ఆలస్యం. కనుక ఒప్పందంలో చెల్లింపు ఎంతో రాసినంత వివరంగా, పరీక్ష ఎప్పుడు ఎలా చేస్తారో, తప్పితే ఎంత కోత వేస్తారో రాయాలి.

ఇక వడ్డీ లెక్క. బ్యాటరీకి బొగ్గు కొననక్కర్లేదు, సిబ్బంది కొద్దిమంది చాలు. ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి. అలాంటి ఆస్తి ధర సెల్స్ ధర కంటే వడ్డీ మీద ఎక్కువగా ఆధారపడవచ్చు. ఊహకు ఒక బ్యాటరీకి 100 కోట్ల రూపాయలయ్యాయని, ఆ డబ్బు 12 ఏళ్లలో సమాన వాయిదాల్లో తిరిగి రావాలని అనుకుందాం. రాబడి నమ్మకంగా ఉండి 9 శాతానికి డబ్బు దొరికితే ఏడాదికి సుమారు 14 కోట్లు వస్తే చాలు. రేపటి మార్కెట్ ధర ఏమవుతుందో తెలియక పెట్టుబడిదారుడు 14 శాతం ఆశిస్తే ఏడాదికి 17.7 కోట్లు కావాలి. తేడా 12 ఏళ్లకు దాదాపు 44 కోట్లు. అవే సెల్స్, అదే ఇన్వర్టరు, అదే స్థలం. ఈ 44 కోట్లు కేవలం అనిశ్చితి ఖరీదు. చివరికి అది కరెంటు బిల్లులోనే చేరుతుంది. దీర్ఘకాల ఒప్పందంతో ప్రభుత్వం కొనేది ఈ అనిశ్చితి తగ్గుదలనే.

పింఛను నిధులు, బీమా కంపెనీలు ఏళ్ల తరబడి విద్యుత్ లైన్లలో డబ్బు పెట్టేదీ ఇందుకే. లైనులో ఎంత కరెంటు పారిందన్న దానితో పని లేకుండా, లైను అందుబాటులో ఉన్నందుకు నెలనెలా చార్జీ వస్తుంది. బ్యాటరీని ఆ పద్ధతిలోకి తెచ్చే ప్రయత్నం మన దేశంలోనూ మొదలైంది. విద్యుత్ లైన్లను కొని నడిపే పెట్టుబడి ట్రస్టు ఇండిగ్రిడ్, 2025లో ఢిల్లీలోని కిలోక్రి సబ్‌స్టేషన్ దగ్గర పనిలోకి వచ్చిన 20 మెగావాట్లు, 40 మెగావాట్ అవర్ల బ్యాటరీలో భాగస్వామి. దాన్ని వాడుకునే డిస్కం, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, బీఎస్ఈఎస్ రాజధాని. ఖర్చులో 70 శాతం దాకా రాయితీ వడ్డీ అప్పుగా ఒక అంతర్జాతీయ దాతృత్వ కూటమి ఇచ్చింది. చిన్న ప్రాజెక్టే అయినా డబ్బు ఏర్పాటు చేసిన తీరు గమనించదగ్గది.

కాగితం మీది నియమం ఎంత శక్తిమంతమైందంటే బ్యాటరీ ఆకారాన్ని కూడా అదే నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియా నియంత్రణ మండలి 2013లోనే అక్కడి కరెంటు కంపెనీలు 1,325 మెగావాట్ల నిల్వను సమకూర్చుకోవాలని ఆదేశించింది. సాయంత్రం గిరాకీకి ఒక వనరు పూర్తిగా లెక్కలోకి రావాలంటే నాలుగు గంటలు వరసగా ఇవ్వగలగాలని అక్కడి నియమం. దాంతో అక్కడ కట్టిన పెద్ద బ్యాటరీలలో అధిక భాగం నాలుగు గంటలవే అయ్యాయి. 2024 ఏప్రిల్ నాటికి మొత్తం 10,000 మెగావాట్లు దాటింది. ఆ నెలలో కొన్ని సాయంత్రాలు కాసేపు గ్యాసును, నీటిని వెనక్కి నెట్టి బ్యాటరీలే గ్రిడ్‌కు అతిపెద్ద ఆధారమయ్యాయి. మధ్యాహ్నం ఎండ మిగులు సాయంత్రానికి జరిగింది. పదేళ్ల ముందు ఒక కార్యాలయంలో రాసిన నియమం ఇంత పని చేసింది.

సరుకు ఖరీదూ కలిసొచ్చింది. బ్లూంబర్గ్ సంస్థ ఏటా చేసే సర్వే ప్రకారం లిథియం బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2024లో కిలోవాట్ అవర్‌కు 115 అమెరికా డాలర్లు, 2010లో వెయ్యి డాలర్లకు పైమాటే. గ్రిడ్ బ్యాటరీల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. కోబాల్టు, నికెలు అక్కర్లేని ఈ పదార్థాన్ని 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్‌తో కలిసి లోకానికి చూపినవారు పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయ పరిశోధకులు. గుడినఫ్‌కు 2019లో నోబెల్ వచ్చినప్పుడు మన పత్రికలు ఈ ఇద్దరి పేర్లూ ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేసి ఉండాల్సింది.

ఈ రకం కొంత నిదానమైంది, చప్పున మండదు. అలాగని గ్రిడ్ బ్యాటరీలకు నిప్పు భయం లేదనకూడదు. 2021 జూలైలో విక్టోరియా బిగ్ బ్యాటరీలో పరీక్షల సమయంలో శీతలీకరణ ద్రవం కారి రెండు యూనిట్లు కాలిపోయాయి. 2025 జనవరి 16న కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో పాత రకం బ్యాటరీలను ఒకే భవనంలో పేర్చిన కేంద్రం తగలబడి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. విడివిడి పెట్టెల్లో, మధ్య ఖాళీ వదిలి కట్టడం ఎందుకు మేలో ఈ రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఖాళీకి భూమి కావాలి, భూమికి డబ్బు కావాలి. టెండరులో అందరికంటే తక్కువ ధర కోసం పరుగెత్తేటప్పుడు మొదట కోత పడేది ఇలాంటి చోటే.

ఆ పరుగు మన దేశంలో ఇప్పటికే జోరుగా ఉంది. సౌర విద్యుత్ సంస్థ సెకి 2022లో పిలిచిన 500 మెగావాట్లు, 1,000 మెగావాట్ అవర్ల టెండరులో వచ్చిన ధర మెగావాట్‌కు నెలకు 10.84 లక్షల రూపాయలు. 2024 మార్చిలో గుజరాత్ టెండరులో అది 4.49 లక్షలకు దిగింది. అదే ఏడాది చివర్లో రాజస్థాన్‌లో, కేంద్ర సాయం కలుపుకుని, 2.21 లక్షలకు చేరింది. ఆ సాయం 2023 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పథకం నుంచి వచ్చింది. ఆమోదం నాటి లెక్క 4,000 మెగావాట్ అవర్లకు 3,760 కోట్ల రూపాయలు, పెట్టుబడిలో 40 శాతం మించకుండా.

నెలకు 2.21 లక్షలంటే యూనిట్‌కు ఎంత? రెండు గంటల బ్యాటరీ రోజుకు ఒకసారి ఖాళీ అయితే మెగావాట్‌కు నెలకు 60,000 యూనిట్లు ఇస్తుంది. యూనిట్‌కు 3.68 రూపాయలు నిల్వ చార్జీ అన్నమాట. రోజుకు రెండుసార్లు వాడితే 1.84. మధ్యాహ్నం రెండున్నర రూపాయలకు కొన్న సౌర విద్యుత్తు, పదిహేను శాతం నష్టం పోను, సుమారు 2.94 పడుతుంది. రోజుకు ఒకసారి వాడకం లెక్కలో సాయంత్రానికి మొత్తం 6.62. విద్యుత్ ఎక్స్ఛేంజీలో గరిష్ఠ ధర 10 రూపాయలు. సాయంత్రాలు ధర ఆ గీతను తాకిన రోజులు అరుదేమీ కాదు. ఒకసారి వాడినా, రెండుసార్లు వాడినా డిస్కం కట్టే నెల చార్జీ మారదు. రెండోసారి వాడుకోకపోతే ఆ నష్టం డిస్కందే, అంటే మనదే. బ్యాటరీ కొనడంతో పని అయిపోదు, దాన్ని తెలివిగా నడిపే మనుషులు, లెక్కలు డిస్కంలో ఉండాలి. ఎంత వాడితే అంత త్వరగా సెల్స్ అరుగుతాయి కనుక ఏ రోజు రెండోసారి వాడాలన్నదీ లెక్కే.

ధర అయిదో వంతుకు పడిపోవడం చూసి సంతోషించే ముందు ఒక మాట. టెండరు గెలిచినవాడు సెల్స్ ఆ రోజే కొనడు, ఏడాదో ఏడాదిన్నరో తర్వాత కొంటాడు. అప్పటికి ధర ఇంకా పడుతుందన్న ఆశ మీద ఇవాళ్టి ధర కోట్ చేస్తాడు. ఆశ ఫలించకపోతే చిన్న కంపెనీ హామీ సొమ్ము వదులుకుని తప్పుకుంటుంది, డిస్కం ఆ సాయంత్రాలకు పది రూపాయల కరెంటు కొంటుంది. కట్టని చవక బ్యాటరీ కంటే కట్టిన కాస్త ప్రియమైన బ్యాటరీ మేలు. ధర ఒక్కటే చూసి ఇచ్చే టెండర్ల విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. అనుభవం, సెల్స్ సరఫరా ఒప్పందం, అగ్ని భద్రత నమూనా ముందు చూపించినవారినే ధరల పోటీకి రానివ్వాలి.

తెలుగు రాష్ట్రాలకు నిల్వ కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోనూ నీటిని కిందికి వదిలి కరెంటు తీయడంతో పాటు, మిగులు కరెంటుతో నీటిని తిరిగి పైకి తోడగల టర్బైన్లు ఉన్నాయి. శ్రీశైలంలో అవి ఆరు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి చేపట్టింది. పాతికేళ్లూ యాభై ఏళ్లూ నిలిచే నిర్మాణాలు ఇవి, ఎక్కువ గంటలు ఇవ్వడంలో బ్యాటరీ వీటికి సాటి రాదు. కాకపోతే కొండ కావాలి, నీరు కావాలి, కట్టడానికి ఏళ్లు కావాలి. బ్యాటరీని సబ్‌స్టేషన్ పక్కన ఎకరాల లెక్కలో స్థలం చూసి నెలల్లో పెట్టేయవచ్చు. కర్నూలు, అనంతపురం ప్రాంతాల సౌర పార్కుల మిగులును అయిదారు గంటల పాటు మోయడం కొండ మీది నీటి పని. హైదరాబాద్, విజయవాడల్లో ఏసీలు ఒక్కసారిగా ఆన్ అయ్యే రెండు గంటలను మోయడం, ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచడం బ్యాటరీ పని. ఈ రెండింటినీ పోటీదారులుగా చూసి ఒకదాన్ని ఎంచుకుంటే పొరపాటు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా సెల్స్ కర్మాగారానికి 2023 మేలో పునాది పడింది. సరుకు మన దగ్గరే తయారైతే సరఫరా అనిశ్చితి కొంత తగ్గుతుంది.

ఈ బ్యాటరీల ఒప్పందాలు, వాటి చార్జీలు విద్యుత్ నియంత్రణ మండళ్ల ఆమోదంతోనే మన బిల్లుల్లోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మండళ్లు బహిరంగ విచారణ జరుపుతాయి. అభ్యంతరం రాసి పంపే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది, దానికి న్యాయవాది అక్కర్లేదు. బ్యాటరీ ప్రస్తావన వచ్చినప్పుడు అడగాల్సినవి కష్టమైన ప్రశ్నలు కావు. నెల చార్జీ కడుతున్న బ్యాటరీ గత ఏడాది ఎన్ని గంటలు నిజంగా సిద్ధంగా ఉంది? ఆ సంగతి ఎవరు పరీక్షించారు, ఆ నివేదిక ఎక్కడ ప్రచురించారు? రోజుకు ఎన్నిసార్లు వాడుకున్నారు? చెప్పినంత ఇవ్వని రోజు ఎంత కోత వేశారు? టారిఫ్ విచారణ నోటీసు తెలుగు పత్రికల్లో వస్తుంది. ఈసారి కనిపించినప్పుడు గడువు తేదీ రాసి పెట్టుకోండి, ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి మండలికి పంపండి.